వోటు ఇంటిదా, మనుష్యునిదా?

పార్లమెంటులకు తల్లి యని పేరు వహించిన బ్రిటిషు పార్లమెంటు శతాబ్దముల తరబడి మనుష్యుని చూచి వోటు ఇచ్చినది కాదు. ఇంటిని చూచి ఇచ్చినది. ఇల్లు ఎవరిది, దాని అద్దె యెంత, పన్ను ఎవరి పేర చెల్లినది, గదిలోని మంచము ఎవరి సొత్తు, వీధితలుపు తాళపుచెవి ఎవరి చేతనున్నది అను ప్రశ్నలకు వచ్చిన సమాధానములను బట్టి ఒకడు పౌరుడయ్యెను. వాని ప్రక్కగదిలో, వానివలెనే పాటుపడి బ్రదుకుచున్న మరియొకడు కాకపోయెను. ఇది వినోదమునకై కల్పించిన కథ కాదు. శాసనగ్రంథములలోను న్యాయస్థానముల తీర్పులలోను నిలిచియున్న చరిత్ర.

ఈ చరిత్రను మేమిప్పుడు ఎత్తుకొనుట పరదేశము నాక్షేపించు వేడుకచేత గాదు. హక్కును శాసనములో వ్రాయుట యొక పని. దానిని బీదవాని చేతి కందించుట మరియొక పని. ఈ రెండింటి నడుమ నెంత దూరమున్నదో బ్రిటనులోని అద్దెదారుల కథ తేటపరచినట్లు వేరొకటి తేటపరుపజాలదని మా యభిప్రాయము. వోటును నమ్ముకొన్న ప్రతి దేశమువారును దీనిని తెలిసికొనదగును.

1430లో చేయబడిన శాసనము ప్రకారము ఇంగ్లండులోని కౌంటీలలో, అనగా జిల్లాలలో, సాలునకు 40 షిల్లింగుల ఆదాయము వచ్చు సొంత భూమి గలవానికే వోటు. బరోలని పిలువబడు పట్టణములలో ఊరికొక ఆచారముండెను. కొన్నిట నగరసభ సభ్యులకే వోటు. కొన్నిట పన్ను చెల్లించువారికి. టాంటను, హానిటను వంటి కొన్నిట తన పొయ్యిపై తన కుండ కాచుకొను గృహస్థునకెల్ల వోటు. ఇట్టివారిని ‘పాట్‌వాలపరు’లనిరి. మన యిండ్లలో అన్నదమ్ములు వేరుపడిరనుటకు పొయ్యిలు వేరుపడుటయే గుర్తు గదా! అక్కడ ఆ గుర్తే వోటరునకు గుర్తయ్యెను. పొయ్యి గలవాడు ఒకరి యన్నమునకు కాచుకొనువాడు కాడు, కావున ఒకరి మాటకు లోబడడు అనునదే దాని యంతరార్థము. ఈ తలంపే రూపములు మార్చుకొనుచు 20వ శతాబ్దము వరకు నడచినది.

1832 నాటి సంస్కరణ శాసనమును క్రొత్త యుగమునకు ద్వారముగా పలువురు వర్ణింతురు. పట్టణములలో సాలునకు 10 పౌనుల విలువచేయు ఇల్లు గాని దుకాణము గాని 12 నెలలు అనుభవించి, పన్నులు బాకీ లేకుండ చెల్లించిన పురుషునికి, అతడు సొంతదారైనను అద్దెదారైనను, దానిచేత వోటు లభించెను. అంతవరకు మంచిదే. కాని 10 పౌనుల గీత దేశమంతటికి ఒక్కటియే. అద్దెలు మాత్రము ఊరూరికి వేరు. లండనులో అద్దెలు హెచ్చు గనుక అక్కడ చేతిపనివాడు సైతము కొన్ని పేటలలో ఆ గీత దాటెను. లీడ్సు వంటి మిల్లుల పట్టణములలో అద్దెలు తక్కువ గనుక అదే పనివాడు గీతకు వెలిగా నిలిచెను. చౌక యింట కాపురముండుటయే వాని నేరమయ్యెను! పైగా ఆ శాసనము ‘పురుషుడు’ అను మాటను స్పష్టముగా చేర్చి స్త్రీలకు తలుపు మూసినది. పాట్‌వాలపరుల పాతహక్కును అప్పటికున్నవారికి మాత్రము నిలిపి, వారితోనే అది అంతరించునట్లు చేసినది.

కౌంటీలలో జరిగినది మరింత విచిత్రము. చాండోసు ప్రభువు తెచ్చిన సవరణచేత సాలునకు 50 పౌనుల కౌలు చెల్లించు రైతునకు, కౌలునకు గడువు లేకున్నను, వోటు వచ్చినది. పైకి చూడ నిది ఔదార్యమే. కాని గడువులేని కౌలుదారుడనగా భూస్వామి యనుగ్రహమున్నంతవరకే పొలములో నిలుచువాడు. ఆ కాలమున వోటు రహస్యము కాదు; పదిమంది వినుచుండగా అభ్యర్థి పేరు నోట పలుకవలెను. విన్నవారిలో భూస్వామి గుమాస్తా యుండకపోవునా? ఇట్టి స్థితిలో ఆ వోటు కౌలుదారునిదా, భూస్వామిదా? వేల్సులో 1859, 1868 ఎన్నికల పిమ్మట భూస్వామి కోరిన పక్షమునకు వోటియ్యని కౌలుదారులు కొందరు తమ పొలములనుండి వెళ్లగొట్టబడిరి. 1872లో రహస్యపు వోటు శాసనము వచ్చెను. ఆ యేడు ఆగస్టులో పాంటిఫ్రాక్టు ఉపయెన్నికలో వోటర్లు తొలిసారిగా చీటిని మడిచి పెట్టెలో వేసిరి. హక్కు వచ్చిన 40 ఏండ్లకుగాని కౌలుదారుడు దానిని భయము లేక వాడుకొను వీలు కలుగలేదు.

నడుమ 1838లో చార్టిస్టులు లేచి, 21 ఏండ్లు నిండిన ప్రతి పురుషునికి వోటు కావలెనని, వోటు రహస్యముగా నుండవలెనని కోరిరి. ఇల్లెంతది, అద్దెయెంత అను ప్రశ్నను వారు త్రోసివైచి మనుష్యుని ముందుంచిరి. 1839, 1842, 1848 సంవత్సరములలో మూడు మారులు లక్షలకొలది సంతకములతో మహజర్లు సమర్పించిరి. మూడు మారులును పార్లమెంటు చెవిని బెట్టలేదు.

1867లో డిస్రేలీ నడిపించిన శాసనము పట్టణములలో నివాసగృహములకు విలువ గీతను తీసివైచి, పేదల పోషణకై విధించు స్థానికపు పన్ను చెల్లించు ప్రతి గృహస్థునకును వోటిచ్చెను. ఇక్కడ నొక చిక్కు గలదు. చిన్న యిండ్ల పన్నును అనేక పట్టణములలో యజమానియే కొంత తగ్గింపుతో మొత్తముగా చెల్లించి, అద్దెలో కలిపి రాబట్టుకొనెడివాడు. భారము మోసినది అద్దెదారుడు; పన్ను పుస్తకములో పేరుమాత్రము యజమానిది. పేరు లేనివానికి వోటెక్కడిది? హాడ్జికిన్సను అను సభ్యుని సవరణచేత ఆ చెల్లింపు పద్ధతియే రద్దై, లక్షలకొలది అద్దెదారులు ఒక్కపెట్టున వోటర్లగు దారి యేర్పడెను. అయితే పన్ను నేరుగా అద్దెదారుల నెత్తిన పడి గగ్గోలు పుట్టగా, 1869లో పాతపద్ధతిని మరల అనుమతించి, యజమాని కట్టినను అద్దెదారుడు కట్టినట్లే యెంచవలెనని శాసించిరి. అద్దెలో పన్ను ఇమిడియున్నదను చిన్న సత్యమును గుర్తించుటకు ఆ మహాసభకు ఇంత ప్రయాస కావలసివచ్చినది.

ఇల్లంతయు అద్దెకు గొన్నవాని సంగతి యిది. ఒకరి యింటిలో ఒక గదియో రెండు గదులో తీసికొని యుండువాని మాట యేమి? ఇట్టివానిని అక్కడ ‘లాడ్జరు’ అందురు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, పెండ్లికాని పనివారు, తండ్రి యింట నుండు ఎదిగిన కొడుకులు ఈ తరగతిలోనివారు. ఫిన్స్‌బరీ సభ్యుడు టారెన్సు మొదలగువారి పట్టుదలచేత 1867 శాసనములోనే వీరికిని వోటు కలిగినది. కాని యెట్టి నిబంధనలతో! సామాను విడిచి లెక్కించినను గది విలువ సాలునకు 10 పౌనులుండవలెను. అనగా వారమునకు ఇంచుమించు 3 షిల్లింగుల 10 పెన్నీలు. అదే యింటిలో 12 నెలలు ఎడతెగక నివసింపవలెను. ఇంటిపెద్ద పేరును అధికారులే జాబితాలో చేర్తురు. లాడ్జరు మాత్రము ఏటేట తానే దరఖాస్తు పెట్టుకొనవలెను.

ఆ 12 నెలల గడువు ఎట్టిదో లెక్కవేసి చూతము. 1885 తరువాత ఆ గడువు జూలై 15వ తేదీతో ముగియవలెనని, జాబితా మరుసటి జనవరి 1 నుండి అమలగునని యేర్పాటు. 1890 ఆగస్టులో ఒక గదిలో దిగినవానికి 1891 జూలై నాటికి ఏడాది నిండదు. 1892 జూలైకి నిండును. వాని పేరు 1893 జనవరిలో జాబితా కెక్కును. నడుమ 29 నెలలు! ఈలోపల ఎన్నిక వచ్చిన వాడు చూచుచు నూరకుండవలసినదే. ఇంటిపెద్ద అదే పట్టణములో ఇల్లు మారినను గడువు తెగదు. లాడ్జరు వీధి దాటిన చాలు, లెక్క మొదటికి వచ్చును. పనిని వెదకికొనుచు పేటనుండి పేటకు, ఊరినుండి ఊరికి తిరుగువాడెవడు? కష్టజీవియే గదా! కాలు నిలిచినవానికి హక్కు, కాలు నిలువనివానికి నిరీక్షణ.

జాబితాలను సరిచూచుటకు ఏటేట శరత్కాలమున న్యాయవాదులు కూర్చుండి విచారణ జరిపెడివారు. పార్టీల ఏజెంట్లు తమవారి పేర్లను చేర్పించుటకును, ఎదుటివారి పేర్లను కొట్టివేయించుటకును పోటీపడెడివారు. ఆక్షేపణ వచ్చినవాడు పని మానుకొని హాజరై తన హక్కును రుజువు చేసికొనవలెను. లేనియెడల దానిని వదలుకొనవలెను. కూలి పోగొట్టుకొనుటయా, వోటు పోగొట్టుకొనుటయా యను ధర్మసంకటము ధనికునికి లేదు.

ఇక అద్దెదారుడెవడు, లాడ్జరెవడు అను మీమాంస న్యాయస్థానములను చిరకాలము వేధించెను. ఇంటిలో విడిగా అనుభవింపబడు భాగము సైతము ‘నివాసగృహమే’ యని 1878 శాసనము నిర్వచించెను. 1881లో అప్పీలు కోర్టు బ్రాడ్లీ, బేలిసుల వ్యాజ్యములో ఇచ్చిన తీర్పు ప్రకారము, యజమాని ఆ యింటనే నివసించుచు ఇంటిపై అధికారము తనచేత నుంచుకొన్నయెడల గదిలోనివాడు లాడ్జరు. యజమాని అక్కడ లేనియెడల వాడు అద్దెదారుడు. దీని ఫలితమును చిత్తగింపుడు. ఒకే వీధిలో ఎదురెదురు ఇండ్లలో ఒకేవిధమైన గదులలో, ఒకే యద్దె చెల్లించుచు ఇద్దరు కాపురమున్నారు. ఒకని యజమాని మేడమీద నిద్రించును. రెండవవాని యజమాని వేరొకచోట నిద్రించును. రెండవవానికి విలువ గీత లేదు, ఏటేట దరఖాస్తు లేదు; మొదటివానికి ఆ రెండును గలవు. యజమాని నిద్రించుచోటును బట్టి పౌరుని హక్కు మారినది! 20వ శతాబ్ది తొలి దశకమున వీధితలుపు తాళపుచెవి గదిలోనివాని యొద్ద నుండుటయు ఈ విచారణలో లెక్కకు వచ్చి, ‘తాళపుచెవి వోటర్లు’ అను పేరే పుట్టినది.

1884 శాసనము ఈ గృహస్థు హక్కును, లాడ్జరు హక్కును కౌంటీలకును విస్తరింపజేసెను. గ్రామములలోని కూలీలు, గనిపనివారు లక్షలకొలది వోటర్లైరి. అయినను మొదటి ప్రపంచయుద్ధమునకు ముందు వయోజనులైన పురుషులలో సుమారు నూటికి 60 మంది పేర్లే జాబితాలో నుండెను. మిగిలినవారిలో పెక్కుమంది లాడ్జర్లు, గడువు నిండక ఇల్లు మారినవారు, యజమానుల యిండ్లలో నుండు నౌకరులు, బిడ్డల ఆకలి తీర్చుటకు పేదల నిధినుండి సాయము పొందిన నేరమునకు హక్కు కోలుపోయినవారు. మరొక వంక, పలుచోట్ల ఆస్తులున్నవారికి చోటికొక వోటు చొప్పున రెండును, మూడును, అంతకు హెచ్చును ఉండెను. ఇల్లు లేనివానికి వోటు లేదు. ఇండ్లు పెక్కులున్నవానికి వోట్లు పెక్కులు. ఇంటికి వోటనునపుడు ఇంతకంటె వేరొక ఫలితము రానేరదు.

ఈ పద్ధతిని సమర్థించినవారి వాదమును మేము మరుగుపరుపము. దేశముతో స్థిరమైన సంబంధము గలవాడే దేశకార్యములను బాధ్యతతో తీర్చునని, నేడిక్కడ రేపెక్కడనో యుండువానికి ఊరి మేలు పట్టదని వారనిరి. 1866లో రాబర్టు లో వంటి మేధావులు కార్మికులు అజ్ఞానులని, లంచములకు లొంగుదురని వాదించి సంస్కరణ నెదిర్చిరి. అద్దెదారుడు తరచు ఇల్లు మారుట నిజమే. కాని మారుట వాని యిచ్చయా? పని పోయిన మారును, అద్దె హెచ్చిన మారును, యజమాని పొమ్మన్న మారును. త్రాగు తేనీటిమీద, కాల్చు పొగాకుమీద పన్ను వాడును చెల్లించుచున్నాడు. ఊరి నీరు చెడిన వాని బిడ్డయు జబ్బుపడును. యుద్ధము వచ్చిన ప్రాణమిచ్చుటకు వానినే పిలుతురు. నిలుకడ లేకుండ చేసినది లోకమైనపుడు, ఆ నిలుకడలేమిని వాని దోషముగా నెంచుట న్యాయమా?

ఈ ప్రశ్నకు యుద్ధమే జవాబు చెప్పినది. 1914 తరువాత లక్షలకొలది పురుషులు యుద్ధభూములకును, ఆయుధ కర్మాగారములకును తరలిపోగా, నివాసపు గడువు లెక్క తలక్రిందులయ్యెను. దేశముకొరకు ఇల్లు విడిచినవాడు ఇల్లు విడిచినందుననే వోటు కోల్పోవు దుస్థితి వచ్చినది. 1916, 1917 సంవత్సరములలో స్పీకరు అధ్యక్షతన సమావేశమైన సంఘము మార్పులు సూచింపగా, 1918 శాసనము 21 ఏండ్లు నిండి ఆరు నెలలు నివసించిన ప్రతి పురుషునికి వోటిచ్చెను. గది విలువను అడుగుట మానిరి. పేదల నిధి సాయముచేత హక్కు పోవుటయు తొలగినది. వోటర్ల సంఖ్య సుమారు 80 లక్షలనుండి 2 కోట్ల 10 లక్షలు దాటెను.

అయితే ఇల్లు అంతటితో ఓడిపోలేదు, స్త్రీల వెంటబడినది. 1867 నవంబరులో మాంచెస్టరు ఉపయెన్నికలో లిల్లీ మాక్స్‌వెల్ అను దుకాణదారు, పొరపాటున తన పేరు జాబితాలో చేరియుండుటచేత, బాహాటముగా వోటు వేసెను. పన్ను చెల్లించు గృహస్థురాలే. ఇంటికే వోటైనయెడల ఆమెకు కాదనుటకు హేతువేమి? కాని మరుసటియేడే న్యాయస్థానము స్త్రీలకు ఆ హక్కు లేదని తేల్చెను. 1918లో వోటు వచ్చినప్పుడును 30 ఏండ్లు నిండిన స్త్రీకే, అదియు తానుగాని తన భర్తగాని స్థానిక వోటర్లకు తగిన యిల్లో స్థలమో అనుభవించుచున్నయెడలనే, లేదా విశ్వవిద్యాలయ పట్టమున్నయెడలనే వచ్చినది. ఖాళీగది అద్దెకు తీసికొని తన సామాను తెచ్చుకొన్న స్త్రీ అద్దెదారు క్రింద లెక్క. మంచము, కుర్చీలతో గూడిన గది తీసికొన్న స్త్రీ లెక్కలోనికి రాదు. బడిలో చదువు చెప్పు ఉపాధ్యాయినికి, ఆఫీసులో పనిచేయు గుమాస్తాకు, తల్లిదండ్రుల యింటనుండు కుమార్తెకు, యజమానుల యింట వంటచేయు దాసికి ఈ విధముగా తలుపు మూయబడెను. వోటు నిర్ణయించినది మంచము! 1928లో స్త్రీలకును 21 ఏండ్లకే సమానమైన హక్కు వచ్చి, 50 లక్షలకు పైగా స్త్రీలు చేరిన పిమ్మటగాని ఈ వింత పార్లమెంటు ఎన్నికలనుండి తొలగలేదు. స్థానిక ఎన్నికలలో లాడ్జర్లకు 1945 వరకు నిరీక్షణ తప్పలేదు. వ్యాపారస్థలమును బట్టి వచ్చు రెండవ పార్లమెంటు వోటు 1948 శాసనముతో పోయినది.

ఉత్తర ఐర్లండులో మాత్రము స్థానిక ఎన్నికలకు 1969 వరకు పాతపద్ధతియే సాగెను. ఇంటిపెద్దకును వాని భార్యకును వోటు. లాడ్జరునకు, తండ్రి యింటనుండు ఎదిగిన బిడ్డకు లేదు. కంపెనీల తరపున మాత్రము ఆరు వోట్ల వరకు వేయవచ్చును. నగరసభ కట్టియిచ్చు ఇల్లు దొరకినవానికి ఇంటితోపాటు వోటును దొరకును గనుక, ఇండ్లు పంచు అధికారము వోట్లు పంచు అధికారమయ్యెను. ఈ పంపకములో కాథలిక్కులకు అన్యాయము జరుగుచున్నదని పౌరహక్కుల ఉద్యమము బయలుదేరి, ‘ఒక మనిషికి ఒక వోటు’ అని నినదించెను. 1968 అక్టోబరు 5న డెర్రీ వీధులలో పోలీసులు ఆ ఊరేగింపుపై లాఠీలు ప్రయోగించిరి. ఆ ఫిర్యాదులకు ఆధారమున్నదని కామెరాన్ విచారణ సంఘము 1969లో చెప్పెను. ఆ యేడే హక్కు అందరికి వచ్చెను. కాని దానితో జరిగిన స్థానిక ఎన్నికలు 1973లోగాని రాలేదు. అప్పటికి ఆ నేల నెత్తుటితో తడిసెను. ఆ కలహమునకు కారణములు పెక్కు గలవు. ఇంటికి కట్టిన వోటు వానిలో నొకటియని మరువరాదు.

మన దేశమునకును ఈ పద్ధతి కొంత దిగుమతి యైనది. 1919, 1935 శాసనముల క్రింద వోటునకు శిస్తో, పన్నో, ఆస్తియో, చదువో అర్హతలుగా నుండెను. 1937 ఎన్నికల నాటికి బ్రిటిషిండియా జనములో సుమారు 14 శాతము మందికే రాష్ట్ర శాసనసభల వోటు గలదు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలును ఇట్టి అర్హతలకే లోబడియుండెను. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 326వ అధికరణముచేత ఆ గోడలను ఒక్కమారుగా పడగొట్టి, వయోజనులందరికి వోటిచ్చెను. అదే యేటి ప్రజాప్రాతినిధ్య శాసనపు 20వ విభాగము మరియొక మెట్టు పైకెక్కి, ఒక నియోజకవర్గమున ఇల్లున్నంతమాత్రమున ఒకడు అక్కడి నివాసి కాజాలడని స్పష్టపరచెను. శతాబ్దముల ఆంగ్ల చరిత్రను తిరుగవేసిన వాక్యమది. బ్రిటనులోను 2000 నాటి శాసనము బొత్తుగా ఇల్లులేనివాడు సైతము తనకు సంబంధించిన చోటును తెలిపి వోటరగు వీలు కల్పించెను. పొయ్యితో మొదలైన కథ పొయ్యిలేనివాని హక్కువరకు వచ్చినది.

కాని కథ ముగిసినదని మేమనజాలము. బ్రిటనులో 2014 నుండి ఇంటిపెద్ద అందరి పేర్లు వ్రాసియిచ్చు పద్ధతి పోయి, ఎవరి పేరు వారే నమోదు చేసికొనవలసివచ్చినది. సొంత యిండ్లవారికంటె ప్రైవేటు యజమానులయొద్ద అద్దెకుండువారి నమోదు చాల తక్కువయని ఆ దేశపు ఎన్నికల కమిషను పలుమారు వెల్లడించినది. ఇల్లు మారినప్పుడెల్ల పేరు మార్పించుకొనవలసినవాడు అద్దెదారుడే. మన హైదరాబాదులోను విజయవాడలోను ఈ సంగతి వేరు కాదు. చిరునామా మారినంతనే పాతజాబితాలో పేరు ప్రమాదమున పడును, క్రొత్తదానిలో తనంత తానుగా చేరదు.

శాసనము వీనిని వెలివేయలేదు. విధానము వెనుకకు నెట్టుచున్నది. 1867లో లాడ్జరునకు జరిగినదియు నిదియే. కావున ప్రజల హక్కులను కాపాడ పూనినవారు రాజ్యాంగపు వాక్యములను చదివి తృప్తిపడక, జాబితాను ఎవరు వ్రాయుచున్నారు, ఎన్ని దినములలో వ్రాయుచున్నారు, పేరు తొలగినవాడు ఎన్ని మెట్లు ఎక్కవలెను అని అడుగవలెను. పేరు చేర్చు భారము బీదవాని మీద గాక అధికారుల మీద నుండవలెను. అద్దెదారు లిల్లు మారిన వెంటనే వారి యొద్దకే పోయి పేరు వ్రాసికొను ఏర్పాటు చేయుట ప్రభుత్వములకు అసాధ్యము కాదు. పన్ను రాబట్టుటకు ప్రతి గడపను కనుగొనగల ప్రభుత్వము, వోటు అందించుటకు కనుగొనలేనని చెప్పిన నెవరు నమ్ముదురు?